గాజు బుడ్డి లాగదు, గాలి తోస్తుంది

రాత్రి వేడివేడి సాంబారు స్టీలు డబ్బాలో పోసి, పొగలు కక్కుతుండగానే మూత గట్టిగా నొక్కేస్తే పొద్దున్నకి ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. మూత రాదు. మీ అమ్మ లాగి చూస్తుంది, మీ నాన్న తువ్వాలు చుట్టి తిప్పి చూస్తాడు. చివరికి మీ అమ్మమ్మ వచ్చి చెంచా కాడ అంచు కింద దూర్చి ఇంత పైకెత్తుతుంది. సుయ్ మని చిన్న చప్పుడు, మూత చేతిలోకి వచ్చేస్తుంది. ఆ చప్పుడు బయటి నుంచి డబ్బాలోకి పరిగెత్తిన గాలిది.

చైనా వాళ్ళు వీపు మీద గాజు బుడ్లు అతికించి నొప్పులకు వైద్యం చేస్తారు చూడండి, కప్పింగ్ అంటారు, అది నడిచేది అచ్చంగా ఈ డబ్బా మూత సూత్రం మీదే. దాని చుట్టూ ఎన్నో మాటలు పుట్టాయి. ఒంట్లోని విషాలను పీల్చేస్తుందనీ, చెడు రక్తాన్ని లాగేస్తుందనీ అంటారు. ఆ మాటల్లో నిజమెంతో తెలియాలంటే ముందు మూత ఎందుకు బిగుసుకుందో తెలియాలి. వినండర్రా.

మన నెత్తిన గాలి సముద్రం ఉంది. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద దాదాపు 1 కిలో బరువుతో నొక్కుతూ ఉంటుంది. మన ఒంటి లోపలి ద్రవాలు, ఊపిరితిత్తుల్లోని గాలి అంతే ఒత్తిడితో బయటికి తోస్తుంటాయి కాబట్టి ఆ బరువు మనకు తెలియదు. 80 డిగ్రీల వేడిలో మూత పెట్టిన డబ్బాలో సగానికి దగ్గరగా ఆవిరి, మిగతాది గాలి. చల్లారేసరికి ఆవిరి నీటి బొట్లయి కూర్చుంటుంది, గాలి కూడా కుంచించుకుంటుంది. లోపలి ఒత్తిడి దాదాపు సగానికి పడిపోతుంది. బయట మాత్రం ఎప్పటి ఒత్తిడే. మూత వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకుని, ఎక్కడా సందు లేదనుకుని లెక్క కడితే, దాని మీద 40 కిలోల బరువు కూర్చున్నట్టు! లోపల ఎవరూ మూతను పట్టుకుని లాగడం లేదు, బయటి గాలి నొక్కుతోంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు కప్పు పెట్టే తీరు చూడండి. చైనా వైద్యుడి బల్ల మీద దళసరి గాజు బుడ్లు వరుసగా ఉంటాయి. నోరు చిన్నది, పొట్ట గుండ్రం, అంచు నున్నగా, మందంగా ఉంటుంది. రోగి బోర్లా పడుకుంటాడు. వైద్యుడు పటకారుతో దూది ఉండ పట్టుకుని స్పిరిటులో ముంచి, కారకుండా పిండి, వెలిగిస్తాడు. ఎడమ చేతిలో బుడ్డిని పక్కకి వంచి పట్టుకుని, మండే దూదిని దాని పొట్టలోకి పోనిచ్చి, ఒక్క చుట్టు తిప్పి బయటికి లాగేస్తాడు. అదంతా ఒకటి రెండు సెకన్ల పని. మంట అంచుకు తగలకూడదు, తగిలితే ఆ అంచే రోగి ఒంటిని కాల్చేస్తుంది. దూది బయటికి రావడం, బుడ్డి వీపు మీద బోర్లించడం ఒకే ఊపులో జరగాలి. బుడ్డి అలా కూర్చుందో లేదో, దాని కింద చర్మం పొంగి గుండ్రటి బొడిపెలా పైకి లేస్తుంది, చూస్తుండగానే ఎర్రబడుతుంది. సాధారణంగా 5 నుంచి 15 నిమిషాల దాకా ఉంచుతారు. తీసేటప్పుడు బుడ్డిని పట్టుకుని పీకరు. అంచు పక్కన చర్మాన్ని వేలితో నొక్కుతారు. సందులోంచి గాలి సుయ్ మని దూరుతుంది, బుడ్డి తనంతట తనే ఊడి వస్తుంది.

మంట లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది కాబట్టి శూన్యం ఏర్పడుతుందని చాలామంది చెబుతారు. బళ్ళో కూడా కొందరు అలాగే నేర్పుతారు. అది పూర్తి నిజం కాదు. మూసి ఉంచిన పాత్రలో కూడా ఆక్సిజన్ అంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది. ఖర్చయిన ఆక్సిజన్ బదులు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుట్టుకొస్తాయి. ఇక్కడ అసలు పని చేసేది వేడి. బుడ్డిలో గాలి వేడెక్కి వ్యాకోచించి, కొంత బయటికి పోతుంది. మిగిలిన గాలి చర్మం మీద మూతపడ్డాక చల్లారి కుంచించుకుంటుంది. లోపలి గాలి 150 డిగ్రీల వేడి నుంచి 35 డిగ్రీలకు దిగిందనుకోండి, ఒత్తిడి నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. బుడ్డి నోరు 5 సెంటీమీటర్ల వెడల్పు అయితే అది 5 కిలోల పైచిలుకు బలం. చుట్టూ ఒళ్ళంతా గాలి మామూలుగానే నొక్కుతోంది, ఈ ఒక్క గుండ్రటి చోట మాత్రం నొక్కే బలం తగ్గింది. అందుకే లోపలి కండ, రక్తం ఆ వైపు తోసుకొస్తాయి. బుడ్డి లాగుతున్నట్టు కనిపిస్తుందే గానీ, తోసేది ఒంటి లోపలి ఒత్తిడి, దాని వెనక బయటి గాలి.

ఇప్పుడు ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి, చేతి పంపుతో గాలి తీసేస్తారు, మంట గొడవ లేదు. గాజు బుడ్ల కంటే ముందు వెదురు బొంగులు ఉండేవి. వాటిని మూలికలు వేసిన నీళ్ళలో మరిగించి, తీసి, నీళ్ళు విదిలించి, పొగలుండగానే ఒంటి మీద బోర్లించేవారు. ఇందాక చెప్పిన డబ్బాలో ఆవిరి నీరైనట్టే ఆ బొంగులోనూ అవుతుంది. వెదురు కంటే ముందు వాడింది పశువుల కొమ్ములు.

కొమ్ముల కథ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన ముక్క అక్కడే ఉంది. చైనాలో హునాన్ రాష్ట్రంలో చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయి అనే చోట పాత సమాధులు తవ్వారు. అక్కడి మూడో సమాధి క్రీ.పూ. 168 నాటిది. 1973లో దాన్ని తెరిస్తే పట్టుబట్ట మీద రాసిన పుస్తకాలు దొరికాయి. రెండు వేల ఏళ్ళకు పైగా మట్టిలో ఉన్న పట్టు! వాటిలో ఒకటి 52 రకాల జబ్బులకు మందులు చెప్పే వైద్య గ్రంథం. అందులో మొలల వ్యాధికి ఒక పద్ధతి ఉంది. రేగుపండంత లావైనా, దాని గింజంత చిన్నదైనా, ఆ మొల మీద చిన్న కొమ్మును పెట్టి ఉంచమంటుంది. ఎంతసేపు? అప్పుడు గడియారాలెక్కడివి, రెండు కొలతల బియ్యం ఉడికేంత సేపట! ఆ తర్వాత కొమ్ము తీసేసి, మొలను దారంతో కట్టి, కత్తితో కోయమంటుంది. అది రాసిన వైద్యుడి పక్కన ఎక్కడో పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

గాలికి బరువుందని ఇటలీలో టోరిచెల్లి పాదరసం గొట్టంతో చూపించింది 1643లో. తర్వాత జర్మనీలో ఓటో ఫాన్ గ్యురిక్ రెండు అర్ధగోళాలు కలిపి లోపలి గాలి తీసేస్తే, చెరోవైపు గుర్రాల జట్లు లాగినా అవి విడిపోలేదు. అంటే గాలి నొక్కుతుందన్న సంగతి శాస్త్రంగా తెలియడానికి పద్దెనిమిది వందల ఏళ్ళ ముందే ఆ నొక్కుడును మనుషులు వైద్యంలో వాడుకున్నారు. కారణం తెలియదు, పని మాత్రం తెలుసు. ఆ చేతి నైపుణ్యం ముందు నేను తలవంచుతాను.

ఇది చైనా ఒక్కదాని సొత్తు కూడా కాదు. గ్రీకు వైద్యుల రాతల్లో ఉంది. అరబ్బుల ద్వారా యునానీ వైద్యంలోకి వచ్చింది. హిజామా అనే పేరుతో మన హైదరాబాదు యునానీ వైద్యులు ఇప్పటికీ చేస్తారు. మన సుశ్రుత సంహిత కూడా రక్తం తీయడానికి జలగతో పాటు శృంగం, అలాబువు చెబుతుంది. శృంగమంటే కొమ్ము, అలాబువంటే సొరకాయ బుర్ర. ఆ బుర్ర లోపల దీపం వెలిగించి ఒంటి మీద బోర్లించమంటుంది. గాజు దొరికిన వాడు గాజు, సొరబుర్ర దొరికిన వాడు సొరబుర్ర! చైనాలో కొమ్ము, వెదురు తర్వాత మట్టి బుడ్డి వచ్చింది. 1765 ప్రాంతంలో జావో షుయెమిన్ అనే పండితుడు, కుమ్మరులు కాల్చి అమ్మే బొటనవేలంత చిన్న మట్టి బుడ్లను వర్ణించాడు. నడుమ లావు, కొసలు సన్నం. చలిగాలి వల్ల వచ్చిన జబ్బులన్నిటికీ జనం వాటినే వాడుకునేవారట.

చైనా వైద్యుల సిద్ధాంతం ఏమిటంటే, ఒంట్లో చీ అనే ప్రాణశక్తి, రక్తం దారుల వెంట సాగుతూ ఉండాలి. గాలి, చలి, తేమ లోపలికి చొరబడితే ఆ దారి మూసుకుపోయి నొప్పి పుడుతుంది. కప్పు పెడితే ఆ చలి, తేమ బయటికి పోయి ప్రవాహం మళ్ళీ కదులుతుంది. మన ఇళ్ళల్లో నడుం పట్టేస్తే "వాయువు చేరింది" అనే మాట ఉంది చూడండి, ఆ మాట అనేవాళ్ళకు ఈ ఆలోచన పరాయిదిగా అనిపించదు. అయితే చీ నడిచే దారులు శరీరాన్ని కోసి చూసినా, సూక్ష్మదర్శినిలో చూసినా ఎవరికీ కనిపించలేదు. రక్తనాళాలు కనిపిస్తాయి, నరాలు కనిపిస్తాయి. కాబట్టి మనం వాటి సంగతే చూద్దాం.

2016లో బ్రెజిల్‌లోని రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్ కొలనులో దిగితే, అతని భుజాల మీద రూపాయి బిళ్ళల కంటే పెద్దవి, ఊదారంగు గుండ్రటి మచ్చలు ప్రపంచమంతా చూసింది. మొత్తం 23 ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన మనిషి అతను. ఇంకేముంది, ఊరూరా కప్పులు మొదలయ్యాయి. అతని పతకాలు కప్పుల వల్ల వచ్చాయని ఎవరూ చూపించలేదు. ఆ మచ్చలు మాత్రం కప్పులవే.

అసలు ఆ మచ్చ ఏమిటి? చర్మం కింద కేశనాళికలు ఉంటాయి, వెంట్రుక కంటే ఎంతో సన్నం, గోడ ఒక్క కణం మందం. బయటి నొక్కుడు తగ్గేసరికి వాటిలోకి రక్తం ఎక్కువగా వచ్చి అవి ఉబ్బుతాయి. కొన్ని చిట్లుతాయి. రక్తం నాళం దాటి చర్మం కింద కండలోకి కారుతుంది. దెబ్బ తగిలితే కమిలినట్టే ఇదీ కమలడమే. తర్వాత రోజుల్లో రంగులు ఎలా మారతాయో గమనించారా? ఎర్రగా మొదలై ఊదా అవుతుంది. కాస్త ఆకుపచ్చ ఛాయ వస్తుంది, ఆ తర్వాత పసుపు, చివరికి లేత గోధుమ. ఒంట్లో పారిశుద్ధ్య పని చేసే కణాలు వచ్చి, కారిన రక్తంలోని ఎర్ర పదార్థాన్ని విడగొడుతుంటాయి. మొదట తయారయ్యేది బిలివర్డిన్, దాని రంగు ఆకుపచ్చ. అది బిలిరుబిన్‌గా మారితే పసుపు. కామెర్ల రోగి కళ్ళు పచ్చబడేది ఈ బిలిరుబిన్ వల్లే. ఆ ఎర్ర పదార్థంలోని ఇనుము కొంతకాలం గోధుమ రంగుగా నిలిచి, మెల్లగా ఒంట్లో కలిసిపోతుంది. కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లోపు మచ్చ మాయమవుతుంది.

ఇప్పుడు మీరే చెప్పండి, విషం బయటికి ఎక్కడ పోయింది? చర్మం చిరగలేదు. బుడ్డిలోకి రక్తం చుక్క కూడా రాలేదు. నాళంలో ఉన్న రక్తం నాళం పక్కకి కారింది, మళ్ళీ ఒంటిలోకే వెళ్ళింది. మచ్చ నల్లగా వస్తే ఒంట్లో మాలిన్యం ఎక్కువనీ, లేతగా వస్తే రక్తం తక్కువనీ జాతకం చెప్పేవాళ్ళున్నారు. నిండు ఆరోగ్యంతో ఉన్న మనిషికి కూడా బలంగా గాలి తీసి పావుగంట ఉంచితే నల్లటి మచ్చ వస్తుంది, అదే మనిషికి రెండు నిమిషాల్లో తీసేస్తే లేత గులాబీ రంగే. మచ్చ చెప్పేది ఎంత బలంగా, ఎంతసేపు పెట్టారన్నదే. ఒంటిని శుభ్రం చేసే పని ఎవరిదంటే కాలేయానిది, మూత్రపిండాలది. మీ రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో పనికొచ్చేదంతా వెనక్కి తీసుకుంటాయి. అవి రాత్రింబవళ్ళు చేసే చాకిరీకి గాజు బుడ్డి సాటి రాదు.

చర్మం మీద చిన్న గాట్లు పెట్టి ఆ మీద కప్పు పెట్టే పద్ధతి కూడా ఉంది. అందులో రక్తం బయటికి వస్తుంది, గడ్డకట్టి ముదురు రంగులో జెల్లీలా కనిపిస్తుంది. దాన్ని చూపించి "ఇదిగో చెడు రక్తం" అంటారు. ఏ రక్తమైనా నాళం దాటి కాసేపు నిలిస్తే అలాగే గడ్డకడుతుంది, ముదురు రంగుకు తిరుగుతుంది.

మరి ఇన్ని వేల ఏళ్ళు ఇంతమందికి హాయిగా ఎందుకు అనిపించింది? అనిపించిన మాట అబద్ధం కాదు. వీపు మీద చర్మం, కండ సాగుతాయి, ఆ చోటికి వెచ్చటి రక్తం వస్తుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో నొప్పి కబురును ఆపే ద్వారం లాంటిది ఉందని ప్రతిపాదించారు. స్పర్శ, ఒత్తిడి తెలిపే నరాలు గట్టిగా పని చేస్తే ఆ ద్వారం కొంత మూసుకుని, నొప్పి కబురు మెదడుకు తక్కువగా చేరుతుంది. మోచెయ్యి గోడకు తగిలితే వెంటనే రుద్దుకునేది అందుకే. దానికి తోడు నడుం నొప్పి అనేది చాలామందిలో కొన్ని వారాల్లో తనే తగ్గుతుంది. మనం నొప్పి బాగా ముదిరిన రోజే వైద్యుడి దగ్గరికి వెళ్తాం కాబట్టి, ఆ తర్వాతి రోజులు ఎలాగూ కాస్త మెరుగ్గానే ఉంటాయి. ఇక శ్రద్ధగా చూసే మనిషి చెయ్యి ఒంటి మీద పడితే వచ్చే ధైర్యం ఉండనే ఉంది.

వీటిలో కప్పుది ఎంత, నమ్మకానిది ఎంత అని విడదీయడం కష్టం. మాత్ర అయితే అదే రంగులో ఉత్తుత్తి మాత్ర చేయొచ్చు. ఉత్తుత్తి కప్పు ఎలా? జర్మనీలో ఒక పరిశోధక బృందం చక్కటి ఉపాయం చేసింది. కప్పుకు కనిపించనంత చిన్న రంధ్రం పెట్టారు. పెట్టినప్పుడు పట్టినట్టే ఉంటుంది గానీ, గాలి మెల్లగా దూరి పట్టు వదిలేస్తుంది. ఒళ్ళంతా ఎడతెగని నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా రోగులు 141 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు నిజం కప్పులు, ఒక జట్టుకు రంధ్రం కప్పులు, మూడో జట్టుకు మామూలు వైద్యం. 2016లో ఫలితం వచ్చింది. మామూలు వైద్యం పొందినవాళ్ళ కంటే నిజం కప్పులు పెట్టించుకున్నవాళ్ళకు నొప్పి కాస్త తగ్గింది. కానీ రంధ్రం కప్పులవాళ్ళకూ ఇంచుమించు అంతే తగ్గింది! మెడనొప్పి, నడుంనొప్పి మీద ఇంకా ఎన్నో పరీక్షలు జరిగాయి. కొన్నాళ్ళపాటు కొంత ఉపశమనం ఉందని కొన్ని చెబుతాయి, కానీ వాటిలో చాలావరకు చిన్నవి, బిగువు చాలనివి. బీపీ, షుగరు, క్యాన్సర్ నయమవుతాయనే ప్రకటనలకు గట్టి ఆధారం ఏదీ లేదు.

ఇంత చెప్పానని పాత వైద్యమంతా పనికిరాదని అనుకోకండర్రా. నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే చైనా పండితుడు అత్యవసర వైద్యం మీద ఒక చేతిపుస్తకం రాశాడు. కొమ్ము సంగతి అందులోనూ ఉంది. పైగా కొన్ని రకాల గడ్డల మీద సూది గానీ కొమ్ము గానీ పెట్టవద్దని, పెడితే ముప్పని ఆయన హెచ్చరించాడు కూడా. అదే పుస్తకంలో చలిజ్వరానికి ఒక చిట్కా ఉంది, చింగ్‌హావ్ అనే మొక్కను నీళ్ళలో నానబెట్టి పిండిన రసం తాగమని. 1971లో టు యుయు అనే శాస్త్రవేత్త ఆ నాలుగు మాటలు చదివి ఆగిపోయింది. ఇందులో మరిగించమని లేదే! మరిగిస్తే మందు చెడిపోతోందేమో అని, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసింది. మలేరియాను చంపే ఆర్టెమిసినిన్ దొరికింది. లక్షల ప్రాణాలు నిలబెట్టిన మందు అది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె పాత పుస్తకాన్ని పూజించి ఊరుకోలేదు, చెత్త అని పక్కనా పడేయలేదు. పరీక్షకు పెట్టింది. ఒకే పుస్తకంలోని రెండు చిట్కాల్లో ఒకటి పరీక్షలో బంగారమని తేలింది, రెండోది కాస్త హాయినిచ్చే పద్ధతిగానే మిగిలింది. అలా తేల్చుకోవడమే పాత వైద్యులకు మనం ఇచ్చే నిజమైన గౌరవమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. వీడియో చూసి స్పిరిటు, దూది, గాజు గ్లాసు ముందు పెట్టుకుని ఇంట్లో ఎవరూ ప్రయోగం చేయకూడదు. ఒళ్ళు కాలిన కేసులు ఆసుపత్రులకు వస్తూనే ఉంటాయి. ఎక్కువసేపు ఉంచితే నీటి బొబ్బలు లేస్తాయి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బున్నవాళ్ళు, గర్భిణులు, షుగరు వల్ల చర్మం మొద్దుబారినవాళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిది. పుండ్లు ఉన్నచోట, ఉబ్బిన సిరల మీద ఎవరికీ పెట్టకూడదు. ఛాతీలో నొప్పి, కాళ్ళలో తిమ్మిరితో కూడిన నడుంనొప్పి, తగ్గని జ్వరం లాంటివి ఉంటే కప్పుల కోసం ఒక్క రోజు కూడా వృథా చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళమనండి. గాట్లు పెట్టే చోట ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి తగిలితే హెపటైటిస్, హెచ్‌ఐవీ అంటుకునే ప్రమాదం ఉంది. కాబట్టి బ్లేడు పొట్లం మీ కళ్ళ ముందు విప్పితేనే ఒప్పుకోండి, లేకపోతే లేచి ఇంటికి వచ్చేయండి.